ఎడంచేతి సాళ్ళు

మొన్న ఆసుపత్రిలో సెలైన్ పెట్టటానికి వచ్చిన పిల్ల, "మామ్మా, ఎడం చెయ్యి ఇటియ్యండి, దాంతో మీకు పెద్ద పనుండదుగా" అంది. నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది. రెండు రోజుల నుంచి మెతుకు ముట్టనిదాన్ని, వాదించే ఓపిక నాకెక్కడిది? అయినా నోరు ఊరుకోదుగా. "అమ్మాయ్, నేను బతికిందే ఆ చేత్తో. కుడిది తీసుకో, అది ఎప్పుడూ ఖాళీయే" అన్నా. ఆ పిల్ల నన్ను వదిలేసి పక్కనున్న మా అమ్మాయి వంక చూసింది, ముసలామెకు మతి తప్పిందేమోనని. "మా అమ్మది ఎడంచేతి వాటమండీ" అని మా అమ్మాయి చెప్పాక సూది కుడిచేతికి గుచ్చారు.

ఇక సాయంత్రం దాకా కదలకుండా పడుకోవటమే పని. పడుకుంటే పాతవే గుర్తొస్తయ్. కొత్తవి గుర్తుండటానికి ఇప్పుడేం జరుగుతుంది గనక నాకు? మందులు, మూత్రం, నిద్ర. అంతే.

నేను చెప్పేది మా పల్నాడుకు కాలవలు రాకముందు మాట. ఆకాశం వంక చూసి బతికే ఊరు మాది. తాగే నీళ్ళకు ఒకే ఒక్క బావి, దాని లోతుకి మోకు లాగీ లాగీ ఆడాళ్ళ అరచేతులు కాయలు కాసేవి. మూడు పూటలా జొన్నన్నమే. పొద్దున చద్దిలోకి మజ్జిగ, మధ్యాహ్నం గోంగూర, రాత్రికి పచ్చిమిరపకాయలూ చింతపండూ నూరిన కారం. వరన్నం పండక్కి, లేకపోతే జ్వరం తగ్గినాక పథ్యానికి. ఆ పథ్యం కోసం జ్వరం రావాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్న ముండని నేను. ఎక్కడో యుద్ధం జరుగుతుందనీ, అందుకే కిరసనాయిలు దొరకట్లేదనీ మొగాళ్ళు అరుగుల మీద చెప్పుకునేవాళ్ళు. ఆ యుద్ధానికీ మా ఇంటి బుడ్డికీ ఏం సంబంధమో నాకు బోధపడేది కాదు. ఆముదం దీపం పెట్టుకునేవాళ్ళం. ఆ జిడ్డు వాసన ఇప్పటికీ నా ముక్కుకి తెలుసు.

ఇంట్లో నలుగురం. నాయన, అమ్మ, నాయనమ్మ, నేను. నాయనమ్మకు నా ఎడం చెయ్యంటే గిట్టేది కాదు. దాంతో నేను ముట్టుకున్నానని పాలు విరిగేవి, పెట్ట పొదగటం మానేసేది, ఉట్టి తెగేది. ఇంట్లో ఏం చెడినా ముందు నా చెయ్యి వంక చూసేది. "అది అన్నం తినే చెయ్యా, కడుక్కునే చెయ్యా? తెలివి లేని పిల్లను కన్నావే" అని అమ్మను దెప్పేది. అమ్మ ఎదురు చెప్పేది కాదు. రోజూ పొద్దున్నే నా మొహం కడిగి, జడేసి, ఆ పైన పాత చీర పీలిక తీసుకుని నా ఎడంచేతి వేళ్ళన్నీ కలిపి మణికట్టు దాకా బిగించి చుట్టేది. తలకు నూనె రాయటం ఎట్టాగో ఇదీ అట్టాగే, రోజూ జరిగే పనుల్లో ఒకటి. మళ్ళీ విప్పేది రాత్రి పడుకోబోయే ముందే.

మా వీధి పిల్లకాయలకు మాత్రం ఆ చెయ్యి కావాలి. చింతచెట్టు కింద చేరి, "ఒసేయ్, కట్టు విప్పుకోవే, ఆ పై గుత్తి కొట్టు" అని బతిమాలేవాళ్ళు. పళ్ళతో ముడి విప్పుకుని రాయి విసిరితే గుత్తి రాలాల్సిందే. ఒకసారి ఆ రాయి చెట్టు దాటిపోయి మా ఎదురింటి దూదేకుల అత్త నీళ్ళకుండకి తగిలింది. కుండ రెండు చెక్కలు. ఆమె కర్ర పుచ్చుకుని వచ్చి, కట్టుతో ఉన్న నా చెయ్యి చూసి, "ఇది కాదులే, దీని చెయ్యి కట్టే ఉందిగా" అని మొగపిల్లల వెంటబడింది. అంత గబుక్కున చుట్టేసుకున్నా మరి.

ఆ ఆటలు తప్పిస్తే నేను ఎందుకూ పనికిరాననే నేనూ అనుకునేదాన్ని. కుడిచేత్తో చెంబు పట్టుకుంటే జారేది. చీపురు పడితే సగం చెత్త అక్కడే ఉండేది. కొడవలి నా చేతికి తెగేదే కాదు. "చేతకానిది" అని నాయనమ్మ అనీ అనీ, అది నా రెండో పేరైంది. పదేళ్ళ పిల్లకి ఇంట్లోవాళ్ళు చెప్పిందే వేదం గదా. ఏదన్నా పని చెబితే చెయ్యకముందే ఏడుపొచ్చేది నాకు.

ఆ ఏడు మృగశిర కార్తె మొత్తం ఎండింది. చుక్క పడలా. ఆరుద్రలో ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి కమ్ముకొచ్చి చీకటి పడేదాకా దంచింది. మర్నాడంతా ఊరు ఊరంతా తడిమట్టి వాసనే. నాయన చేలోకి పోయి మట్టి తీసి ఉండచేసి చూసి వచ్చి, "రేపు గొర్రు కట్టాల. పదును రెండ్రోజులే" అన్నాడు. మెట్టచేను అంటే అంతే. ఆ రెండ్రోజుల్లో గింజ భూమిలో పడాలి. తప్పితే ఏడాదంతా నోట్లో మట్టే.

గొర్రు చూడని ఈ కాలం పిల్లలకు చెప్పాల. దానికి మూడు కాళ్ళు. పైన చెక్కగిన్నె, జడ్డిగం అంటారు. గిన్నెకి మూడు బెజ్జాలు, ఒక్కో బెజ్జం నుంచి ఒక వెదురుగొట్టం దిగి గింజను ఒక్కో కాలు గీసిన సాల్లోకి చేరుస్తది. మొగాడు ఎడ్లను తోలుకుంటూ గొర్రును అదిమిపట్టి నడుస్తాడు. ఆడమనిషి ఒళ్ళో విత్తనాలు కట్టుకుని వెనకే నడుస్తూ, గుప్పిట్లో గింజల్ని బొటనవేలితో నెట్టుకుంటూ ఆ గిన్నెలోకి వదలాలి. ఆగకూడదు, పొర్లకూడదు. ఆగితే సాలు ఖాళీ. పొర్లితే మొక్కలన్నీ ఒకేచోట మూగి ఒక్కటీ బాగుపడదు. పైగా విత్తనం ఊరికే అయిపోద్ది. మా ఊళ్ళో ఆ పని మా అమ్మ తర్వాతే ఎవరైనా. ఆమె పోసిన చేను దువ్వినట్టుండేది.

తెల్లారేసరికి అమ్మకి చలిజ్వరం. రోజు మార్చి రోజు వచ్చే జ్వరం అది, అప్పట్లో మా ఊళ్ళో అది లేని ఇల్లు లేదు. రెండు గొంగళ్ళు కప్పినా పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. నాయన దూదేకుల అత్తను అడగటానికి పోయాడు. "ఇయ్యాల నాకు నాలుగు చేతులున్నా చాలవన్నా, ముగ్గురికి మాటిచ్చా" అందామె. ఊరంతా ఒకటే రోజు గొర్లు కడితే ఇంకెవరు దొరుకుతారు? నాయనమ్మకు నడుం వంగిపోయింది, చేను పొడుగూ నడవలేదు. ఆఖరికి ముగ్గురూ నా వంక చూశారు.

"ఇదా? ఇది పోస్తే మొలిచిద్దా?" అంది నాయనమ్మ.

"వేరే దారేదమ్మా?" అన్నాడు నాయన విసుగ్గా.

విత్తనాల కుండ దించి మూతికి మెత్తిన పేడ పగలగొట్టారు. బూడిద కలిపి దాచిన జొన్నలు. ఇంట్లో ఉన్న విత్తనం అదొక్కటే. తినే గింజలే ఊళ్ళో కరువుగా ఉన్న రోజులు, పాడైతే మళ్ళీ తెచ్చుకునే తావు లేదు. నాయనమ్మ గొర్రుకి పసుపు రాసి బొట్టు పెట్టింది. తర్వాత నన్ను దగ్గరకు పిలిచి ఎడంచేతి పీలిక ఊడదీసి, ఇంకో చుట్టు ఎక్కువ చుట్టి బిగించింది. "కుడిచేత్తో పొయ్యి. ఎడంచేత్తో పోసిన గింజ మొలవదు. మొలిచినా కంకి వెయ్యదు. ఇంటిల్లిపాదీ పస్తులుండాలి నీ వల్ల, విన్నావా?" అంది. విన్నా. ఇయ్యాళ్టికీ వినిపిస్తానే ఉంది.

నాయనమ్మ ఇంటి దగ్గరే ఉండిపోయింది. అమ్మ మాత్రం, ఇంట్లో పడుకోమని నాయన చెప్పినా వినకుండా మాతో బండెక్కింది. చేను గట్టున బండి నీడలో గొంగడి కప్పుకుని పడుకుంది. నేను ఒడి కట్టుకుని గొర్రు వెనక నిలబడ్డా. నాయన "హయ్" అనగానే ఎడ్లు కదిలినయ్. నా గుప్పిట్లో గింజలు కదల్లా. చెమటకి బూడిద ముద్దై చేతికంటుకుంది. విదిలిస్తే అన్నీ ఒక్కసారే జలజలా పడ్డయ్. మళ్ళీ చెయ్యి ఒడిలోకి పోయేలోపు గొట్టాలు ఖాళీ. చేను కొసకి పోయి తిరిగేసరికి నాయనకి ఓర్పు పోయింది. తోలేవాడు వెనక్కి చూస్తే సాలు వంకరపోద్ది, ఊరు నవ్విద్ది, అందుకని చూడడు గానీ, గొట్టాల్లో గింజ జారే సడి ఆయనకి వినపడుతుంది. "ఏందే అది, విత్తనం పోస్తన్నావా, కోళ్ళకి చల్లుతున్నావా?" అని నెత్తిన మొట్టాడు.

మూడు విడతలు తిరిగాం, విడతకి మూడు సాళ్ళు. తొమ్మిది సాళ్ళు. ఒడి అప్పటికే సగానికి పైగా తరిగిపోయింది. ఇట్టా పోస్తే పావు చేను కాకముందే కుండ అడుగంటుతుందని నాకే తెలుస్తోంది. కళ్ళల్లో నీళ్ళు, ముక్కులో చీమిడి, తుడుచుకోవటానికి చెయ్యి ఖాళీ లేదు. ఎడ్లకు నీళ్ళు పెట్టటానికి నాయన గొర్రు ఆపాడు. అమ్మ పిలిచింది. "ఇటు రా."

పోయి పక్కన కూలబడ్డా. తిట్టిద్దనుకున్నా. ఆమె గొంగట్లోంచి చెయ్యి బయటపెట్టి నా ఎడంచేతి ముడి విప్పబోయింది. వేళ్ళు వణుకుతూ పట్టు దొరకలా. వంగి పళ్ళతో లాగింది. జ్వరం ఊపిరి నా మణికట్టుకి సెగలాగా తగిలింది. కట్టు ఊడింది. నా వేళ్ళు తెల్లగా, నానిపోయి, ముడతలు పడి ఉన్నయ్.

"నాయనమ్మ ఒద్దంది" అన్నా.

"నాకు ఓపిక లేదే. పుట్టిన కాణ్ణుంచీ నిన్ను సరిచేస్తానే ఉన్నా. నావల్ల కాదిక. నీకు ఏ చెయ్యి తిరిగిద్దో నీకు తెలీదా? దాంతో పొయ్యి."

"మొలవకపోతే?"

కళ్ళు మూసుకునే చెప్పింది. "మొలవకపోతే మా అమ్మ పొయ్యమందని చెప్పు. తిట్లు నేను తింటాలే. పో, భయపడమాక. నాయన లేస్తన్నాడు."

పోయా. ఒడిని ఇటు తిప్పి కట్టుకున్నా. ఎడంచెయ్యి గింజల్లో పెట్టగానే, ఏం చెప్పను, మనవాళ్ళింటికి వచ్చినట్టుంది. గుప్పిట పట్టా. బొటనవేలు దానంతటదే ఆడటం మొదలుపెట్టింది. గొట్టాల్లోంచి సన్నగా, ఆగకుండా సడి. నాకు భయం పోలా, అబద్ధమెందుకు. ప్రతి గింజకీ భయపడ్డా. చెయ్యి మాత్రం నా భయాన్ని పట్టించుకోకుండా పోస్తానే ఉంది. సాలు కొసన మళ్ళినప్పుడల్లా ఆ చేతిని ఒళ్ళో దాచుకునేదాన్ని. నాయన ఒక్క మాట అనలా. పొద్దుగూకేసరికి చేను పూర్తయింది, కుండలో ఇంకో రెండు గుప్పిళ్ళ గింజలు మిగిలినయ్. పైన గుంటక తోలి మట్టి కప్పేశారు. ఇక లోపల ఏముందో మొలిస్తేనే తెలియాల.

ఆ ఐదారు రోజులూ నాకు అన్నం సయించలా. అమ్మకి జ్వరం ఎక్కువైంది, చలిజ్వరానికిచ్చే కొయినా మాత్రలు మింగి మింగి చెవులు వినపడటం తగ్గింది. నేను మంచం పక్కనే కూర్చునేదాన్ని. మొలవకపోతే నాయనమ్మ ఈమెను ఎన్నెన్ని మాటలంటుందో, ఈ స్థితిలో ఈమె ఎట్టా పడుతుందో అనే నా దిగులు. నన్నంటే అలవాటే. నా వల్ల ఆమె పడటమే నేను ఓర్చుకోలేకపోయా.

ఆరో రోజు పొద్దున్నే నాయన, నాయనమ్మ, నేను చేలోకి పోయాం. మొలిచింది. పచ్చగా, సూదిమొనల్లాగా, చేనంతా. నాయనమ్మ కర్ర ఊతంగా గట్టు మీద వంగి చూసింది. మొదటి తొమ్మిది సాళ్ళు గుంపులు గుంపులుగా, మధ్యలో బారెడు బారెడు ఖాళీలు. పదో సాలు నుంచి ఆ కొస దాకా ఒకటే తీరు.

"అదీ సంగతి" అంది నాయనమ్మ. "ఆ మొదటివి ఈ చేతకానిది పోసింది. తర్వాత మా కోడలు లేచి పోసినట్టుంది. జ్వరంలో కూడా చూడరా, చెయ్యంటే అదీ."

నోరు మూసుకుంటే సరిపోయేది. అమ్మకి మంచి పేరు, నాకు తిట్లు లేవు. కానీ జీవితంలో మొదటిసారి ఒక పని నాకు వచ్చింది, ఆ పని కళ్ళెదుట మొలిచి నిలబడి ఉంది, అది నాది కాదంటే ఎట్టా ఊరుకోను?

"అమ్మ లేవలా. నేనే పోశా. అంతా నేనే. తొమ్మిది ఈ చేత్తో, మిగతావి ఇదుగో, ఈ చేత్తో" అని ఎడంచెయ్యి ఎత్తి నాయనమ్మ మొహం ముందు పెట్టా. ఏడుస్తూనే అరిచా.

నాయనమ్మ నాయన వంక తిరిగింది. "ఇది చెప్పేది నిజమేనంట్రా?"

"నిజమే. పదో సాలుకి సడి మారింది. చెయ్యి మార్చిందని అప్పుడే అనుకున్నా."

"తెలిసీ ఊరుకున్నావా?"

"ఎడ్లు ఆపి పంచాయితీ పెడితే పదును ఆగిద్దా?" అని నాయన తువ్వాలు దులుపుకుని ముందుకు నడిచాడు.

నాయనమ్మ అక్కడే నిలబడింది. వంగి రెండు మొక్కల మధ్య జానపెట్టి చూసింది, ఇంకోచోటా పెట్టి చూసింది. మెచ్చుకుందేమో అనుకుంటారు, లేదు. "ఆ తొమ్మిది సాళ్ళలో ఒత్తు మొక్కలు తియ్యాల. రేపు వచ్చి నువ్వే పీకు" అంది.

"ఏ చేత్తో?" అన్నా. ఎంత పొగరో నాకు!

"నీ చావు నువ్వు చావు" అని మొహం తిప్పుకుంది. మర్నాడు చూస్తే నా చేతి పీలికతో పొయ్యి మీది కుండ దించుతోంది.

ఇంటికి పరిగెత్తి అమ్మ చెవి దగ్గర అరిచి చెప్పా. "మొలిచింది! నేనే పోశానని చెప్పేశా!" ఆమె కళ్ళు తెరిచి, "చెప్పావా? సరే" అని అటు తిరిగి పడుకుంది.

తర్వాత పెళ్ళయ్యేదాకా మా చేనూ, అత్తారింటికి పోయాక వాళ్ళ చేనూ, ఇరుగుపొరుగు చేలూ ఈ చేత్తోనే పోశా. కాలవలొచ్చినయ్, వరి వచ్చింది, మిరపా పత్తీ వచ్చినయ్, గొర్రు అటకెక్కింది, ఆ తర్వాత ట్రాక్టరు వచ్చి దాన్ని పొయ్యిలోకి పంపింది. పోయినవాటి కోసం ఏడ్చే ఓపిక నాకు లేదు. ఆ రోజులేమీ బంగారం కాదు. ఆకలి, జ్వరాలు, చాకిరీ.

అమ్మ చానా ఏళ్ళు బతికింది. ఆఖరి రోజుల్లో మంచంలో ఉంటే ఒకసారి అడిగా. "అమ్మా, ఆ రోజు నా కట్టు విప్పావే, నేను పొయ్యగలనని నీకెట్టా తెలుసు?"

"ఏ రోజు?" అంది.

అంతా చెప్పా. విని, "ఏమోనే. జ్వరంలో ఏమన్నానో. నిన్ను పట్టుకునే ఓపిక లేక వదిలేసి ఉంటా" అంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలా. జీవితమంతా ఆ ఒక్క మాట మీద నిలబడ్డా నేను. ఆమెకది గుర్తే లేదు.

నాకు మాత్రం సరిచేసే ఓపిక ఎక్కువ. అదే నా ఖర్మ. నా కూతురు అంట్లు తోమితే మళ్ళీ తోమేదాన్ని. ముగ్గు పెడితే చెరిపి పెట్టేదాన్ని. జడ అల్లుకుంటే విప్పి అల్లేదాన్ని. ప్రేమే, ఇంకేముంది? నా చేతిని కట్టినట్టు దాని చేతిని నేనెప్పుడూ కట్టలేదని గొప్పలు కూడా చెప్పుకున్నా. అది పెళ్ళి చేసుకుంది, పిల్లల్ని కంది, మనవల్ని ఎత్తుకుంది, వాళ్ళందరికీ వండి పెట్టింది. నాకు ఇప్పుడా ఓపిక పోయింది, మంచానికి అంటుకుపోయా. ఆలస్యంగా పోయింది, ఏం లాభం?

నిన్న ఇంటికొచ్చాక పప్పుచారు కాచి గరిటెతో నా దగ్గరకు తెచ్చింది. "అమ్మా, ఉప్పు సరిపోయిందేమో చూడు" అంది. అరవై దాటినై దానికి. "నీకు తెలీదా తల్లీ? సరిపోయే ఉంటది. నువ్వు వేసిందేగా" అన్నా. మనస్ఫూర్తిగానే అన్నా.

నమ్మలా. గరిటె నా నోటి దగ్గర పట్టుకుని అట్టాగే నిలబడింది.